కొంగు బిగించి ఖాట్మండు దాకా

చీర కట్టుకుని దేశాలు తిరగవచ్చా? ఈ మాట ఎవరినడిగినా ముందు ఓ నవ్వు నవ్వుతారు. ఆ తర్వాత జాగ్రత్తలు చెప్పడం మొదలుపెడతారు. మెట్లెక్కేటప్పుడు కాళ్ళకు అడ్డం పడుతుందంటారు. చలికి ఆగదంటారు. వీపుకు సంచి తగిలించుకుంటే పమిట నిలవదంటారు. ఇంకొంచెం చనువున్నవాళ్ళయితే "నలుగురిలో నవ్వులపాలవుతారు, హాయిగా ఓ చుడీదార్ కొనుక్కోండి" అని సలహా కూడా పారేస్తారు.

చుడీదార్ వేసుకునేవాళ్ళను నేను తప్పుపట్టడం లేదు. మా అమ్మాయే వేసుకుంటుంది. ఎవరికి సుఖంగా ఉన్నది వాళ్ళు వేసుకోవాలి. నాకూ, నా స్నేహితురాళ్ళకూ సుఖంగా ఉన్నది చీర. దాంతోనే వండాం, వడ్డించాం, బావిలో నీళ్ళు తోడాం, పిల్లల్ని చంకనేసుకుని బస్సులెక్కాం. మరి అదే చీరతో దేశం దాటాలంటే అడ్డేమిటి? 2024 ఫిబ్రవరిలో మేం ఐదుగురు ఆడవాళ్ళం భుజాలకు సంచులు తగిలించుకుని నేపాల్ వెళ్ళొచ్చాం. ఆ కబుర్లే ఇవి.

మాది హిమాయత్ సాగర్ పక్కన ఊరు. 1908లో మూసీ నదికి వరదొచ్చి హైదరాబాద్ అతలాకుతలమైందని పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు. మళ్ళీ అలాంటి వరద రాకుండా మూసీ మీద ఉస్మాన్ సాగర్, ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టించారు. మా సాగరు 1927లో పూర్తయింది. ఏడో నిజాం తన పెద్ద కొడుకు పేరు పెట్టాడు దీనికి. చలికాలం వస్తే ఎక్కడెక్కడి పక్షులో ఈ నీళ్ళకు వచ్చి వాలతాయి. వాటినెవరూ "మా ఊరొచ్చావు గనక రెక్కలు మార్చుకో" అనరు గదా!

ఇక శంషాబాద్ విమానాశ్రయం మాకు కూతవేటు దూరం. 2008 మార్చి 23 నుంచి విమానాలు అక్కడ దిగుతున్నాయి. చుట్టాలను సాగనంపడానికి వెళ్ళినప్పుడల్లా నేను ఒకటి గమనిస్తుంటాను. అర్ధరాత్రి వేళ బయటి దేశాలకు వెళ్ళే జనంలో చీరకట్టు ఆడవాళ్ళు తక్కువేం ఉండరు. ఒక రకం, కూతుళ్ళకో కోడళ్ళకో పురుళ్ళు పోయడానికి అమెరికా వెళ్ళే తల్లులు. పెట్టెల నిండా పచ్చళ్ళు, పొడులు, పసిబిడ్డకు మెత్తని పాత చీరల బొంతలు. రెండో రకం, గల్ఫ్ దేశాలకు ఇళ్ళల్లో పనికి వెళ్ళే ఆడవాళ్ళు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు, కళ్ళల్లో భయం. అంటే మన ఆడవాళ్ళు చీర కట్టుకుని సముద్రాలు దాటుతూనే ఉన్నారు. కాకపోతే ఎవరో ఒకరి పని మీద! తమ కోసం, తమ స్నేహితురాళ్ళతో కలిసి, ఊరికే చూసి రావడానికి వెళ్ళేవాళ్ళు మాత్రం బహు అరుదు.

మా ఐదుగురిలోనూ ఈ రెండు రకాలూ ఉన్నారు. మా పక్కింటి వదిన రెండుసార్లు అమెరికా వెళ్ళొచ్చింది. ఆర్నెల్ల చొప్పున మొత్తం ఏడాది. "ఏం చూశావు వదినా?" అంటే, "మా అమ్మాయి వంటిల్లు, వాళ్ళ అపార్టుమెంటు చుట్టూ ఉన్న చెట్లు. అక్కడ చలి అని ప్యాంటు వేయించింది. అద్దంలో చూసుకుంటే ఎవరో పరాయి మనిషిలా ఉండేదాన్ని" అంటుంది నవ్వుతూ.

ఇంకో అక్క కువైట్‌లో ఆరేళ్ళు ఒక ఇంట్లో పనిచేసి వచ్చింది. "ఆరేండ్లు ఉన్న. ఇల్లు, వంటిల్లు, మిద్దె మీద బట్టలారేసే జాగ... గంతే నేను చూసిన దేశం" అని ఒకసారి చెప్పింది. ఆ ఆరేళ్ళూ ఆమె పాస్‌పోర్టు ఆ ఇంటివాళ్ళ బీరువాలోనే ఉందట.

మూడో ఆమె మా వీధిలో జాకెట్లు కుట్టే చెల్లె. నాలుగో ఆమెను అందరం పెద్దక్క అంటాం. అరవైకి దగ్గర్లో ఉంది. ఆమె పుట్టింటివాళ్ళ పొలం విమానాశ్రయం కింద కలిసింది. విమానాశ్రయం సుమారు 5,500 ఎకరాలు మరి! ఆ పొలంలో చిన్నప్పుడు కలుపు తీసిన మనిషి, విమానం మాత్రం ఏనాడూ ఎక్కలేదు. ఐదోదాన్ని నేను.

మేం రోజూ పొద్దున్నే సాగరు పక్క రోడ్డు మీద నడుస్తాం. సుగరనీ, మోకాళ్ళ నొప్పులనీ డాక్టర్లు చెప్పగా మొదలైన నడక. ఓ రోజు నడుస్తూ నడుస్తూ పెద్దక్క నెత్తిమీదుగా పోయే విమానాన్ని చూసి, "అందరు ఏడికి పోతున్రే గీళ్ళు? మనం గూడ ఒకపాలి పోదాం" అంది. నవ్వుకున్నాం. కానీ ఆ మాట మమ్మల్ని వదల్లేదు.

డబ్బు సంగతి ముందు తేల్చుకోవాలి గదా. మేం ఐదుగురం నెలకు వెయ్యి రూపాయల చొప్పున ఇరవై నెలలు వేసుకున్నాం. ఇది మామూలు చీటీలా ఎవరూ పాడుకోకూడదు, మధ్యలో తీసుకోకూడదు అని ఒట్టు. కుట్టుపని చెల్లె జాకెట్టుకింత అని తీసిపెట్టింది. నేను పాలూ కూరగాయల లెక్కలో మిగిల్చాను. మనిషికి ఇరవై వేలు జమయ్యాయి. కొచ్చిలో చిన్న టీకొట్టు నడుపుకుంటూ ఆ సంపాదనలోంచే కూడబెట్టుకుని, అప్పు చేసి, తీర్చి, మళ్ళీ చేసి 26 దేశాలు చూసిన విజయన్, మోహన దంపతుల గురించి మీరు చదివే ఉంటారు. 2021 నవంబరులో విజయన్ పోయారు. వాళ్ళ సంగతే మాకు ధైర్యం. టీకొట్టు మీద 26 దేశాలు చూడగలిగితే, ఐదుగురం కలిసి ఒక్క దేశం చూడలేమా?

నేపాల్ ఎందుకంటే మనవాళ్ళకు అక్కడ వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు ఉంటే సరే, లేకపోతే ఓటరు కార్డు అసలుది చాలు. విమానానికి ఆధార్ కార్డు చూపిస్తే మాత్రం ఒప్పుకోరు, ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. వీసా లేదు గనక చిలుకూరు బాలాజీకి మొక్కే పని కూడా లేదని వదిన హాస్యమాడింది. అయినా వెళ్ళి పదకొండు ప్రదక్షిణలు చేసొచ్చాం. తిరిగొచ్చాక నూట ఎనిమిదీ చేశాం లెండి.

ఇక ఇళ్ళల్లో రభస. "మగతోడు లేకుండానా?" అన్నది మొదటి ప్రశ్న. "తొమ్మిది రోజులు వంట ఎవరు చేస్తారు?" అన్నది అసలు ప్రశ్న. మావారు రెండ్రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మా అత్తమ్మ అన్నం తింటూ, "పోయిరా బిడ్డా. కాళ్ళు ఆడినన్ని దినాలే మనయి. నేను పోదాం పోదాం అనుకుంటనే ముసలిదాన్నయిన" అంది. ఆవిడ ఆ మాట ఎంత మామూలుగా అందో, నాకు గొంతులో ముద్ద అంత బరువుగా దిగింది. తర్వాత ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు.

కువైట్ అక్క సంగతి అంత తేలిగ్గా తేలలేదు. వాళ్ళబ్బాయి "ఉన్న బాధలు చాలవా అమ్మా, మళ్ళీ పరాయి దేశం ఎందుకు?" అని పట్టుపట్టాడు. ప్రేమతో అన్నదే. ఆమె మాత్రం, "అప్పుడు పోయింది మీకోసం. గిప్పుడు నాకోసం పోతున్న" అని ఊరుకుంది. పాత పాస్‌పోర్టు గడువు తీరిపోతే కొత్తది తీయించుకుంది.

బట్టల దగ్గర మళ్ళీ పిల్లలందరూ ఒక్కటయ్యారు. మా అమ్మాయి "ప్యాంటు కొనిస్తాను, ఒక్కసారి వేసుకుని చూడమ్మా" అంది. అప్పుడు పెద్దక్క అన్న మాటకు ఎవరూ తిరిగి మాట్లాడలేదు. "పొద్దాంక పొలంల నాట్లేసింది గీ చీరతోనే గదా. బురదల అడ్డం రానిది బస్సుల అడ్డమొస్తదా?"

నేను మా అమ్మాయికి ఒక ఫొటో చూపించాను. 1885 అక్టోబరులో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో తీసింది. ఆడవాళ్ళ వైద్య కళాశాలలో చదువుతున్న ముగ్గురు పరదేశపు అమ్మాయిలు పక్కపక్కన కూర్చున్నారు. చీరలో మన ఆనందీబాయి జోషి, కిమోనోలో జపాను అమ్మాయి కేయీ ఒకామీ, తమ దేశపు దుస్తుల్లో సిరియా అమ్మాయి సబాత్ ఇస్లాంబూలీ. ముగ్గురూ డాక్టర్లయ్యారు. ఆ మంచుదేశంలో చీరతో ఉండలేరని ఆనందీబాయికీ ఎంతోమంది చెప్పే ఉంటారు. ఆమె కట్టే తీరు కొంచెం మార్చుకుంది గానీ చీర వదల్లేదు. పాపం, 1887లో చిన్న వయసులోనే పోయింది. మన తెలుగావిడ పోతం జానకమ్మ కూడా అంతకుముందే ఇంగ్లండు వెళ్ళొచ్చి తన అనుభవాలు రాస్తే, 1876లో మద్రాసులో పుస్తకంగా వచ్చాయి. అంత వెనక్కి ఎందుకు? 2017లో హైదరాబాద్ మారథాన్ పరుగులో ఒకావిడ చీర కట్టుకునే 42 కిలోమీటర్లు పరిగెత్తింది. 2018లో మన హైదరాబాద్ నుంచే నలుగురు ఆడవాళ్ళు మోటారు సైకిళ్ళ మీద మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చుట్టొచ్చారు. వాళ్ళవి వేరే బట్టలే కావచ్చు, ఆ ధైర్యం మాత్రం మనదే.

బయల్దేరే ముందు చెల్లె మా అందరి లంగాలకూ లోపలివైపు జేబులు కుట్టింది. పైన చైను, దానిమీద ఒక గుండీ. డబ్బు, కార్డు, ఫోను అందులోనే. మా అత్తమ్మ బొడ్లో దోపుకునే గుడ్డసంచికి ఇది చెల్లెలన్నమాట! మనిషికి మూడు చీరలు. రెండు త్వరగా ఆరే సింథటిక్‌వి, ఒకటి నూలుది. జరీ, పట్టు వద్దనుకున్నాం. నూలు చీర మాత్రం మనూరి పేరు చెప్పేదై ఉండాలని చెల్లె నారాయణపేటది, నేను పోచంపల్లిది పెట్టుకున్నాం. చలికి లంగా కింద ఉన్ని లెగ్గింగు, కాళ్ళకు మేజోళ్ళు, బూట్లు. సంచి మొత్తం ఆరు కిలోలు దాటకూడదు. అందులోనే సకినాలు, పల్లి పొడి, కరివేపాకు పొడి, అటుకులు.

హైదరాబాద్ నుంచి రక్సౌల్‌కు నేరుగా రైలుంది. రెండు రోజుల ప్రయాణం. రాత్రి పూట పాత చీర ఒకటి బెర్తుకు అడ్డంగా కట్టుకుంటే తెరలా పనికొచ్చింది. రక్సౌల్‌లో దిగి, రిక్షా ఎక్కి, సరిహద్దు దాటితే అవతల బీర్‌గంజ్. దేశం దాటడమంటే ఏదో పెద్ద సంగతి అనుకుంటాం. గేటు దాటాం, గడియారం పావుగంట ముందుకు తిప్పుకున్నాం, అంతే! మన వంద రూపాయలకు అక్కడ నూట అరవై. అక్కణ్ణించి హెటౌడా మీదుగా కొండదారిలో జీపు. మలుపు మలుపుకీ కళ్ళు మూసుకున్నాను. పక్కన పెద్దక్క మాత్రం కొంగు నడుముకు బిగించి, కిటికీలోంచి తల తీయలేదు.

ఖాట్మండులో మేం దిగిన బస యజమాని మా వెనక ఎవరైనా మగవాళ్ళొస్తారేమోనని రెండు నిమిషాలు తలుపు వైపు చూశాడు. ఎవరూ రారని తెలిశాక, "మీరు తీర్థయాత్రకొచ్చారా?" అని అడిగాడు. "తీర్థమూ, యాత్రా రెండూ" అంది వదిన. పశుపతినాథ్ గుడి దగ్గర గోదావరి జిల్లాల నుంచి బస్సు కట్టుకొచ్చిన మనవాళ్ళు కనిపించారు. తెలుగు వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది. అందులో ఒకావిడ మమ్మల్ని పైకీ కిందకీ చూసి, "ఏవండీ, మీ మగాళ్ళేరండీ?" అంది. పెద్దక్క తడుముకోకుండా, "ఇంట్ల బువ్వ వండుతున్రు" అని చెప్పింది. ఆ బస్సు ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. వెళ్ళేముందు ఆవిడే నా చెయ్యి పట్టుకుని ఖర్చెంతయింది, ఎలా వచ్చారు, ఎవర్ని అడగాలి అని గుచ్చి గుచ్చి అడిగింది.

స్వయంభూనాథ్ స్థూపానికి 365 మెట్లు. నిటారుగా ఉంటాయి. కుచ్చిళ్ళు ఎగదోపి, కొంగు బిగించి, ఇరవై మెట్లకోసారి ఆగుతూ ఎక్కాం. ప్యాంట్లు వేసుకున్న కుర్రాళ్ళూ మాతోపాటే ఆగి రొప్పుతున్నారు. మెట్లకు మన బట్టలతో పనేముంది? మోకాళ్ళతోనే పని!

అన్నిటికంటే నాకు మనసులో నిలిచిపోయింది భక్తపూర్. ఖాట్మండుకు దగ్గర్లోనే ఉన్న పాత రాజధాని. ఎర్ర ఇటుకల ఇళ్ళు, చెక్కిన కిటికీలు, ఐదంతస్తుల న్యాతపోల గుడి. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో ఆ ఊళ్ళో ఎన్నో ఇళ్ళు, గుళ్ళు కూలాయి. ఆ పెద్ద గుడి నిలిచింది. అక్కడ నేవారు ఆడవాళ్ళు నల్లచీర కడతారు. దానికి ఎర్రంచు. హాకు పటాసి అంటారు దాన్ని. ఒక అరుగు మీద ముసలమ్మ ఒకామె అలాంటి చీరలోనే కూర్చుని ఎండ కాగుతోంది. మా చెల్లె నారాయణపేట చీర అంచు చూసి చెయ్యి చాచింది. ఆమెకు మన భాష రాదు, మాకు ఆమెది రాదు. అంచు పట్టుకుని వేలితో గీతలు లెక్కపెట్టింది. చెల్లె ఆమె చీర అంచు పట్టుకుని నేత చూసింది. తర్వాత ఆ ముసలమ్మ లేచి, తన కుచ్చిళ్ళు ఎలా పెట్టుకుంటారో విప్పినంత పని చేసి చూపించింది. చెల్లె మన కుచ్చిళ్ళు చూపించింది. చుట్టూ నలుగురు ఆడవాళ్ళు చేరారు. పావుగంట సేపు ఒక్క మాట లేకుండా కబుర్లు! ప్యాంటు వేసుకుని వెళ్ళి ఉంటే ఆ పావుగంట మాకు దొరికేది కాదని నా నమ్మకం. చీర మాకు ఆ ఊళ్ళో పరిచయ పత్రంలా పనిచేసింది.

భక్తపూర్ పెరుగు రుచి చెప్పకపోతే పాపం. జుజు ధౌ అంటారు, రాజుగారి పెరుగని అర్థం. మట్టి మూకుళ్ళలో తోడేసి అమ్ముతారు. తియ్యగా, చెంచా గుచ్చితే నిలబడేంత గట్టిగా ఉంటుంది. నేవారు విందులో అటుకులే అన్నం. మన సంచిలో ఉన్న అటుకులు చూసి బస యజమాని భార్య ఆశ్చర్యపోయింది. ముల్లాకు, ఆవాకు పులియబెట్టి ఎండబెట్టిన గుంద్రుక్‌తో చారు కాస్తారు. గోంగూర తిన్న నాలుకకు అది పరాయిదనిపించలేదు. సేల్ రోటీ అని ఇంకోటి. నానబెట్టిన బియ్యాన్ని రుబ్బి, పంచదార, నెయ్యి కలిపి, జారుగా కాకుండా పిండి చేసుకుంటారు. కాగిన నూనెలో చేత్తో గుండ్రంగా గాజులా పోసి ఎర్రగా వేయిస్తారు. మీరూ ఓసారి ప్రయత్నించండి. మొదటి రెండూ గాజులు కావు, వంకీలవుతాయి. మూడోదాన్నించి కుదురుతుంది.

చివరి రోజు తెల్లవారుజామున నాగర్‌కోట్ కొండ మీద నిలబడి సూర్యోదయం చూశాం. స్వెటరు, దాని మీద శాలువా, తలమీదుగా కొంగు. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మంచుకొండలు ఒక్కొక్కటే ముందు బూడిద రంగు, తర్వాత గులాబీ, తర్వాత బంగారం అవుతున్నాయి. ఎవరం మాట్లాడలేదు. కాసేపటికి కువైట్ అక్క ఏడుస్తోందని గమనించాను. ఏమైందని అడిగితే, "ఏం గాలె. ఎవ్వరు పిలుస్తలేరు. గంతే" అంది. అవును, ఆ పొద్దున మమ్మల్ని ఎవరూ టీ అడగలేదు, టవలు అడగలేదు, తాళాలెక్కడని అడగలేదు. ఆ మాట అర్థం కావడానికి నాకు పెద్ద చదువు అక్కర్లేదు, ఇంటరు చాలు. మీకైతే అదీ అక్కర్లేదు.

తిరుగు ప్రయాణం విమానంలో, ఢిల్లీ మీదుగా. పెద్దక్క ముచ్చట తీర్చాలని ఆ ఖర్చు ముందే తీసిపెట్టాం. ఖాట్మండు విమానాశ్రయంలో అధికారి కువైట్ అక్క పాస్‌పోర్టు చూసి తిరిగి ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె దాన్ని రెండుసార్లు తెరిచి చూసుకుని, చెల్లె కుట్టిన జేబులో పెట్టి, చైను లాగి, గుండీ పెట్టి, పైనుంచి చేత్తో తడిమి చూసుకుంది. శంషాబాద్‌లో దిగేటప్పుడు పెద్దక్క కిటికీకి ముఖం ఆనించి కూర్చుంది. కింద ఏ చుక్క తన పుట్టింటి పొలమో ఆమెకే తెలియాలి. దిగాక మాత్రం, "మా అమ్మకు చెప్తే నమ్మకపోవు" అని ఒక్క మాట అంది.

మొత్తం ఖర్చు మనిషికి పందొమ్మిది వేల చిల్లర. రైలు, జీపులకు రెండు వేలు. విమానానికి పదిన్నర వేలు. బసకు, తిండికి, ఊళ్ళు తిరగడానికి ఐదు వేలు. మిగతాది పశుపతినాథుడి కానుకలు, పిల్లలకు టోపీలు.

చీర కట్టుకుని వెళ్ళాలనుకునేవాళ్ళకు మాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను. చీర చీలమండ పైదాకా, రోజూకన్నా రెండు వేళ్ళు ఎత్తుగా కట్టుకోండి. కుచ్చిళ్ళు మొత్తం కలిపి ఒక పిన్ను, భుజం మీద ఒక పిన్ను చాలు. సంచి తగిలించుకున్నాక పమిట సరిచేసుకోవడం కష్టం, అందుకే ముందు పమిట మడిచి పిన్ను పెట్టి, కొంగు నడుముకు దోపి, తర్వాత సంచి తగిలించుకోవాలి. విమానాశ్రయాల్లో కదిలే మెట్లుంటాయి. వాటి దగ్గర కుచ్చిళ్ళు చేత్తో ఎత్తి పట్టుకోండి, అంచు పళ్ళల్లో ఇరుక్కుంటే ప్రమాదం. పిన్నులు, గాజులు, మెట్టెలకు తనిఖీ యంత్రం మోగుతుంది, కంగారు పడొద్దు. తెర వెనక ఆడపోలీసులే చూస్తారు. ఎండుకొబ్బరి చిప్పలు విమానం పెట్టెలో వేయనివ్వరు, నూనె ఎక్కువ గనక మంట అంటుకునే వస్తువుల్లో లెక్క. పచ్చడి చేతిసంచిలో పెట్టుకోకండి, పొడులే మేలు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పెళ్ళి తర్వాత మార్చుకోవాలన్న నియమమేమీ లేదు, పుట్టింటి పేరుతోనే ఉంచుకోవచ్చు. అన్ని కార్డుల్లోనూ పేరు ఒకేలా ఉందో లేదో మాత్రం ముందే చూసుకోండి.

ఇబ్బందులే లేవని నేననను. వాన పడితే అంచు బురదవుతుంది. జీపు ఎత్తయిన మెట్టెక్కేప్పుడు ఒకళ్ళ చెయ్యి కావాలి. ఆ చెయ్యి అందివ్వడానికే గదా నలుగురు పక్కనుండేది!

తొమ్మిది రోజుల్లో మావారు అన్నం వార్చడం, పప్పు ఎనపడం నేర్చుకున్నారు. ఉప్పు సంగతి ఇంకా కుదరలేదు. నేపాల్‌లో కొన్న చిన్న రుద్రాక్ష మా అత్తమ్మ మెళ్ళో ఉంది. ఊళ్ళో మమ్మల్ని చూసి మరో ఇద్దరు చేరతామన్నారు. ఈసారి శ్రీలంక అనుకుంటున్నాం. అక్కడివాళ్ళ చీరకట్టు వేరుగా ఉంటుందని, ఒసరి అంటారని విన్నప్పట్నుంచీ చెల్లె తహతహలాడుతోంది. కొత్త చీటీ మొదలుపెట్టాం. నెలకు వెయ్యి కాస్తా పదిహేను వందలైంది. మీ వీధిలోనూ నలుగురు ఉండే ఉంటారు. రేపు నడకకు వెళ్ళినప్పుడు అడిగి చూడండి.